లియెవితో మాద్రే: పులుపును గీత దాటనివ్వని గట్టి ముద్ద

సోర్‌డో (పులిసిన పిండితో పొంగించే రొట్టె) అనగానే పుల్లగా ఉండాలనుకునేవాళ్లకి ఇటలీ రొట్టె మొదటిసారి కాస్త చప్పగా అనిపిస్తుంది. దక్షిణాన పుల్యా ప్రాంతంలోని ఆల్తమూరా రొట్టెలో పులుపు తగిలీ తగలనట్టుంటుంది. మిలాన్ వాళ్ల క్రిస్మస్ తీపి రొట్టె పానెత్తోనేలో అయితే అసలు తెలియకూడదు. రెండింటినీ పొంగించేది మాత్రం పులిసిన పిండిముద్దే. దాన్ని లియెవితో మాద్రే అనీ, పాస్తా మాద్రే అనీ అంటారు. చపాతీ పిండికన్నా బిగువుగా ఉంటుంది. దీన్ని పెంచడమంటే ఈస్ట్ బలం పెంచుతూ, పులుపును ఒక గీత దగ్గర ఆపడం. కింద చెప్పే కొలతలు, వేడి, గంటలు అన్నీ ఆ గీత కోసమే.

లోపల ఏం జరుగుతుంది

సీసాలో జారుగా పెంచే స్టార్టర్‌లో (పులిసిన పిండిలో) పిండి, నీళ్లు సమానంగా ఉంటాయి. ఇందులో 100 గ్రాముల పిండికి 45 నుంచి 50 గ్రాముల నీళ్లే. ముద్దలో ఈస్ట్, లాక్టిక్ బ్యాక్టీరియా కలిసి బతుకుతాయి. ఈస్ట్‌లలో తరచుగా కనిపించేవి సాకరోమైసిస్ సెరెవిసియే, కజాక్‌స్తానియా హ్యూమిలిస్. బ్యాక్టీరియాలో ముఖ్యమైనది ఫ్రుక్టిలాక్టోబాసిలస్ సాన్‌ఫ్రాన్సిస్సెన్సిస్. పేరులో ఉన్నది అమెరికా ఊరే అయినా ఇటలీ ముద్దల్లోనూ ఇది మామూలే.

ఈ రెండింటికీ నచ్చే వేడి ఒకటి కాదు. కజాక్‌స్తానియా జాతి ఈస్ట్ 27 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, 36 దాటితే ఆగిపోతుంది. ఆ బ్యాక్టీరియా 32–33 దగ్గర జోరుగా ఉంటుంది, 40 దాకా తట్టుకుంటుంది. అంటే మే నెలలో హైదరాబాదులోనో విజయవాడలోనో 38 డిగ్రీల వంటింట్లో ముద్దను వదిలేస్తే పొంగించేది పడకేస్తుంది, పులిపించేది పని చేస్తూనే ఉంటుంది. సాయంత్రానికి ముద్ద ఘాటుగా పులిసి, చదునుగా పడి ఉంటుంది. ఇడ్లీ పిండి పొంగింది కదా, ఇదీ పొంగాలి అనుకోవడానికి లేదు. ఇడ్లీ పిండిలో గ్యాస్ ఎక్కువగా ఇచ్చేది ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా. ఇక్కడ ఆ భారం ప్రధానంగా ఈస్ట్ మీద ఉంటుంది.

చల్లదనం ఎక్కువైనా చిక్కే. ముద్ద గట్టిగానూ చల్లగానూ ఉంటే ఆమ్లాల్లో ఎసిటిక్ వాటా పెరుగుతుంది, వెనిగర్ వాసన వస్తుంది. 28 డిగ్రీల దగ్గర లాక్టిక్ వాటా ఎక్కువ, అది నాలుకకు మెత్తగా తగులుతుంది. అందుకే ఇటలీ బేకర్లు మేతకీ (అంటే ముద్దకు కొత్త పిండి, నీళ్లు పెట్టడం) మేతకీ మధ్య 28 డిగ్రీలు, మూడున్నర నుంచి నాలుగు గంటలు అంటారు. ఎండాకాలంలో ఏసీ గది లేనివాళ్లు థర్మోకోల్ పెట్టెలో ఓ ఐస్ సీసా, ఓ థర్మామీటర్ పెట్టుకుంటే చాలు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో చలికాలం అయితే లైటు వేసిన ఓవెన్ సరిపోతుంది, కాకపోతే లోపలి వేడి ముందు కొలవాలి. కొన్ని ఓవెన్లు ఒక్క లైటుకే 35 దాటేస్తాయి.

ఏ పిండి

ముద్దను మేపడానికి బలమైన మైదా కావాలి. ఇటలీ పొట్లాల మీద కనిపించే 0, 00 అనేవి పిండి ఎంత తెల్లగా ఆడిందో చెప్పే తరగతులు. 00లో బూడిద (పిండిని కాల్చితే మిగిలేది) 0.55 శాతం మించకూడదు, 0లో 0.65. అవి బలాన్ని చెప్పవు, చాలామంది ఇక్కడే పొరబడతారు. బలాన్ని చెప్పే అంకె డబ్ల్యూ. ముద్దకు 300 పైన ఉండాలి. మనితోబా పేరుతో అమ్మేది సాధారణంగా 350 దరిదాపుల్లో ఉంటుంది.

మన దగ్గర పొట్లాల మీద డబ్ల్యూ ఉండదు, ప్రోటీన్ చూసి కొనాలి. మామూలు మైదాలో 10 శాతం చుట్టుపక్కల ఉంటుంది. పులుపు పెరిగేకొద్దీ గోధుమలోని ఎంజైములే గ్లూటెన్‌ను (పిండిని సాగేలా పట్టి ఉంచే ప్రోటీన్‌ను) కోసేస్తాయి కాబట్టి ఆ బలం నాలుగు గంటలు నిలవదు. ముద్ద జిగటగా జారిపోతుంది. కనీసం 12.5 శాతం కావాలి. దొరక్కపోతే గ్లూటెన్ పొడి కలపాలి. దానిలో 75 శాతం ప్రోటీన్ ఉందనుకుంటే 96 గ్రాముల మైదాకు 4 గ్రాములు సరిపోతాయి. ముందు పొడిపొడిగా బాగా కలిపాకే నీళ్లు పోయాలి, లేకపోతే గ్లూటెన్ రబ్బరు ఉండలు కడుతుంది. చక్కీ ఆటాతో మేపకపోవడమే మంచిది. తవుడు ముద్దను తొందరగా పులిపిస్తుంది.

ముద్దను మొదలుపెట్టడం

దగ్గర జారు స్టార్టర్ ఉంటే పని తేలిక. పిండి, నీళ్లు సమానంగా ఉన్న 100 గ్రాముల స్టార్టర్‌లో 50 గ్రాముల బలమైన మైదా కలిపితే 50 శాతం నీళ్ల ముద్ద అవుతుంది. తర్వాత వారం పది రోజులు రోజుకు రెండు మేతలు. సీసాలో పెరిగిన జీవుల సమతూకం గట్టి ముద్దకు మారడానికి ఆ మాత్రం టైము పడుతుంది.

మొదటినుంచి చేసేవాళ్లు 100 గ్రాముల పిండి (అందులో 30 గ్రాములు ఆటా అయినా పర్వాలేదు, ఈ ఒక్కసారికే), 50 గ్రాముల నీళ్లు కలిపి, పైన కత్తితో శిలువలా కోసి, మూత పెట్టి 26–28 డిగ్రీల్లో రెండు రోజులు ఉంచాలి. తర్వాత రోజూ మేత. రెండో మూడో రోజున బుడగలు వచ్చి పొంగితే సంబరపడొద్దు. ఆ పొంగు ఎక్కువగా పిండిలో ముందునుంచీ ఉన్న వేరే బ్యాక్టీరియాది, పులుపు పెరగ్గానే అవి చచ్చిపోతాయి. నాలుగైదు రోజులకు ముద్ద చప్పబడుతుంది. చాలామంది పాడైందని పారేసేది సరిగ్గా అప్పుడే. పారేయొద్దు, మేత ఆపొద్దు. ద్రాక్ష, యాపిల్, తేనె, పెరుగు లాంటివి కలిపే పద్ధతులు ఇటలీలో చాలా ఉన్నాయి. ఉత్త పిండి, నీళ్లతోనూ పని జరుగుతుంది. ముద్ద 28 డిగ్రీల్లో నాలుగు గంటలకు మూడింతలు పొంగే దాకా రొట్టెకు వాడకూడదు. ఆ స్థాయికి రావడానికి మూడు నాలుగు వారాలు పట్టడం మామూలే.

మేత

ముద్ద పైన ఎండిన పెచ్చు, అడుగున మెత్తబడిన భాగం తీసేసి నడి భాగం మాత్రం తీసుకోవాలి. కొలత:

నడి ముద్ద 100 గ్రాములు
బలమైన మైదా 100 గ్రాములు
నీళ్లు 45 గ్రాములు

ముద్దను చిన్న ముక్కలుగా తుంచి నీళ్లలో నానబెట్టి, పిండి వేసి పిసకాలి. మొదట పొడిగా, మొండిగా ఉంటుంది. ఇంకో రెండు చెంచాల నీళ్లు పోద్దామనిపిస్తుంది, పోయొద్దు. పది నిమిషాలు మూసి ఉంచితే పిండి నీళ్లు పీల్చుకుని దారిలోకి వస్తుంది. అప్పుడు అప్పడాల కర్రతో అర సెంటీమీటరు మందాన పొడవుగా ఒత్తి, మూడు మడతలు వేసి, తిప్పి మళ్లీ ఒత్తాలి. నునుపుగా తెల్లగా అయ్యేదాకా నాలుగైదుసార్లు ఇలా చేశాక చాపలా చుట్టి నిలువు గిన్నెలో పెట్టాలి. ఒత్తడం వల్ల గ్లూటెన్ పొరలు ఒకే దిక్కుకు సర్దుకుంటాయి, ముద్ద పైకి పొంగుతుంది, కోస్తే లోపల సాగిన బుడగలు కనిపిస్తాయి. మొక్కుబడిగా పిసికి ఉండ చేస్తే మూడింతలు పొంగాల్సింది రెండింతల దగ్గరే ఆగి, ముద్దకు బలం లేదేమోనన్న తప్పుడు అనుమానం వస్తుంది.

మేతల మధ్య ఉంచే తీరు ఊరినిబట్టి మారుతుంది. లొంబార్దీలో, అంటే మిలాన్ వైపు, ముద్దను కాటన్ గుడ్డలో చుట్టి పురికొసతో గట్టిగా కట్టేస్తారు. రాత్రికి అది ఉబ్బి రాయిలా అవుతుంది, కొస తెగేలా లాగుతుంది. 16–18 డిగ్రీల్లో 12 నుంచి 16 గంటలు ఉండగలదు. పైన మందంగా పెచ్చు కట్టి, సగానికి దగ్గరగా వృథా పోతుంది. పియెమోంతేలో ముద్దను నీళ్లలో వేసి ఉంచుతారు. ముద్ద మొదట మునిగి, గ్యాస్ పుట్టాక తేలుతుంది. ఆమ్లాలు కొంత నీళ్లలోకి పోతాయి కాబట్టి పులుపు తగ్గుతుంది. కానీ ముద్ద నీళ్లు తాగేస్తుంది. మరుసటి మేతలో 100 గ్రాముల పిండికి 30–35 గ్రాముల నీళ్లే పోయాలి. ఇది మరిచి 45 పోస్తే రెండు మూడు రోజుల్లో ముద్ద జావ అవుతుంది. మన వేడికి నీళ్ల పద్ధతి నప్పదు. 30 డిగ్రీల నీళ్లలో రాత్రంతా ఉంటే పొద్దునకి పైపొర జిగురుగా విడిపోతుంది.

వారానికోసారి రొట్టె చేసేవాళ్లకు ఫ్రిజ్ చాలు. మేత వేసి, ఓ గంట బయట ఉంచి, మూతున్న డబ్బాలో 4 డిగ్రీల్లో పెట్టాలి. ఐదు నుంచి ఏడు రోజులకోసారి మేత.

ముద్దను కోసి చూడండి

పీహెచ్ మీటరు ఉంటే పని నిక్కచ్చిగా ఉంటుంది. 10 గ్రాముల ముద్దను 90 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో చిదిపి కొలవాలి. రొట్టెకు సిద్ధమైన ముద్ద 4.1 దగ్గర ఉంటుంది. కాగితపు పట్టీలు ఇక్కడ పనికిరావు, మనకు కావలసిన తేడా వాటిలో కనిపించేంత పెద్దది కాదు. మీటరు లేకపోతే కత్తి, ముక్కు, నాలుక ఉన్నాయి.

బాగున్న ముద్ద కోస్తే తెల్లగా, మీగడ రంగులో ఉంటుంది. వాసన తీయగా, కొద్దిగా పులుపుగా. నాలుక మీద సన్నగా చురుక్కుమని వెంటనే పోతుంది.

పులుపు మీరిన ముద్ద బూడిద రంగుకు తిరుగుతుంది. బుడగలు గుండ్రంగా, వాసన ఘాటుగా, రుచి పుల్లగా, చివర్లో చేదుగా. దీనికి స్నానం చేయించాలి. లీటరు నీళ్లలో 2 గ్రాముల పంచదార కరిగించి, 20–22 డిగ్రీల దగ్గర, వేలెడు మందం ముక్కలు 15–20 నిమిషాలు నానబెట్టాలి. మెల్లగా నీళ్లు పిండేసి, 100 గ్రాముల ముద్దకు 150 నుంచి 200 గ్రాముల పిండితో మేత వేయాలి. ముక్కలు నీళ్లు పీల్చుకుని ఉంటాయి కనుక నీళ్ల కొలత తగ్గించాలి. ఒకసారితో సరికాకపోతే వరసగా రెండు మూడు మేతలు.

బలం లేని ముద్ద దీనికి తలకిందులు: మరీ తెల్లగా, బుడగలు లేకుండా, పచ్చి పిండి రుచితో ఉంటుంది. దీనికి 100 గ్రాములకు 60–80 గ్రాముల పిండే పెట్టి, 28–30 డిగ్రీల్లో ఉంచాలి. స్నానం అక్కర్లేదు. అసలే తక్కువగా ఉన్న ఆమ్లాన్ని స్నానం ఇంకా కడిగేస్తుంది. ప్రతి మేతకూ ముందు పంచదార స్నానం అలవాటు చేసుకున్నవాళ్ల ముద్దలు ఎక్కువగా ఇలాగే చతికిలబడతాయి. రోగం లేకుండా మందెందుకు?

చెడిన చీజ్ కంపు, గులాబీ రంగు మచ్చలు, బూజు: వీటిలో ఏది కనిపించినా మొత్తం పారేయాల్సిందే.

రొట్టె: ఆల్తమూరా తీరులో

పానే ది ఆల్తమూరాకు 2003లో యూరోపియన్ యూనియన్ డీఓపీ (ఊరి పేరుకు రక్షణ ఇచ్చే) గుర్తింపు ఇచ్చింది. దాని నియమావళి చదివితే రొట్టె దాదాపు పూర్తిగా తెలిసిపోతుంది. ఆప్పులో, ఆర్కాంజెలో, దుయీలియో, సిమేతో అనే డ్యూరమ్ (గట్టి) గోధుమ రకాల రవ్వను మళ్లీ మెత్తగా ఆడిస్తారు. 100 కిలోల ఆ పిండికి 20 కిలోల పులిసిన ముద్ద, 2 కిలోల ఉప్పు, 18 డిగ్రీల నీళ్లు సుమారు 60 లీటర్లు. ముద్దకు ముందుగా కనీసం మూడు మేతలు. 20 నిమిషాలు కలపడం, గంటన్నర కాటన్ గుడ్డ కింద ఉంచడం, రూపు కట్టి 30 నిమిషాలు, మళ్లీ రూపు దిద్ది 15 నిమిషాలు. 250 డిగ్రీల ఓవెన్‌లో 15 నిమిషాలు తలుపు తెరిచి, 45 నిమిషాలు మూసి, చివర కనీసం 5 నిమిషాలు తెరిచి. పెచ్చు 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అక్కడ పూర్వం ముద్దలు ఇళ్లలో కలిపి, ఊరి ఉమ్మడి పొయ్యిలో కాల్పించేవారు. ఎవరి రొట్టె ఎవరిదో తెలియడానికి కాల్చేముందు ఇంటి అక్షరాల ముద్ర గుద్దేవారు.

ఇంట్లో చేసే కొలత, ఒక రొట్టెకు:

మళ్లీ ఆడించిన డ్యూరమ్ రవ్వ పిండి 500 గ్రాములు
మేత వేసి మూడింతలు పొంగిన ముద్ద 100 గ్రాములు
నీళ్లు 330 గ్రాములు
ఉప్పు 10 గ్రాములు

ఇటలీ పొట్లంలో ఈ పిండి ‘సెమోలా రిమచినాతా’ పేరుతో దొరుకుతుంది. మన కొట్లలో బన్సీ రవ్వ డ్యూరమ్ గోధుమదే, కానీ గింజ పెద్దది. మిక్సీలో మెత్తగా పట్టి సన్నజల్లెడ పట్టినా మిల్లులో ఆడినంత రాదు. దానితో చేస్తే సగం బలమైన మైదా కలుపుకోవాలి. మామూలు ఉప్మా రవ్వతో ప్రయత్నించకపోవడం మేలు.

ముద్దను ఫ్రిజ్‌లోంచి తీసి ముందురోజు సాయంత్రం ఒక మేత (50 గ్రాముల ముద్ద, 50 పిండి, 23 నీళ్లు), రాత్రికి 16–18 డిగ్రీల్లో. పొద్దున ఏడింటికి రెండోది (60, 60, 27). పదకొండింటికి మూడోది (70, 70, 32). మూడింటికి చేతిలో 170 గ్రాములు ఉంటాయి. 100 రొట్టెకు, మిగిలింది మళ్లీ మేత వేసి ఫ్రిజ్‌కి.

మూడో మేత పొంగుతుండగా, రెండు గంటలకు, పిండిలో 300 గ్రాముల నీళ్లు కలిపి గంటసేపు మూసి ఉంచాలి. డ్యూరమ్ నీళ్లను నెమ్మదిగా పీలుస్తుంది. మొదట ఇసకలా చేతికి తగులుతుంది, గంటకు మెత్తబడుతుంది. ముద్దను తుంచి కలిపి పిసికి, చివర్లో ఉప్పు, మిగతా 30 గ్రాముల నీళ్లు కొద్దికొద్దిగా. చేత్తో 15–20 నిమిషాలు పడుతుంది. డ్యూరమ్ గ్లూటెన్ మొండిది, మైదాలా పలచని పొరగా సాగదు. పొర సాగట్లేదని మిక్సర్‌లో అలా తిప్పుతూ పోతే వేడెక్కి తెగిపోతుంది. నునుపుగా అవగానే ఆపేయాలి.

కలిపాక ముద్ద వేడి 25 డిగ్రీలు ఉండాలి. దానికి నీళ్ల వేడి లెక్క ఇలా: 25ను మూడుతో గుణిస్తే 75. అందులోంచి గది వేడి, పిండి వేడి, పిసకడంలో పుట్టే వేడి (చేత్తో అయితే 3) తీసేయాలి. గది 30, పిండి 30 ఉంటే 75 − 63 = 12 డిగ్రీల నీళ్లు. గది, పిండి రెండూ 34 అయితే 4 డిగ్రీల ఐస్ నీళ్లు. ఎండాకాలం ఇంకా తేలిక మార్గం, పిండిని ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టడం.

నియమావళిలో చెప్పిన గంటన్నర, ఇంటి చిన్న ముద్దకు చాలదు. 25–26 డిగ్రీల్లో రెండున్నర నుంచి మూడున్నర గంటలు, మొదటి గంటలో రెండుసార్లు మడతపెట్టి. సగానికి కొంచెం పైగా పొంగితే చాలు. రెట్టింపు దాకా ఆగితే డ్యూరమ్ ఓవెన్‌లో లేవదు. గుండ్రంగా కట్టి, 15 నిమిషాలు ఆగి, మళ్లీ బిగువుగా కట్టి, పిండి చల్లిన గుడ్డలో గంట నుంచి గంటన్నర. వేలితో నొక్కితే గుంట నెమ్మదిగా, సగం వెనక్కి రావాలి.

ఓవెన్, లోపల రాతి పలకో మందమైన ఇనప పెనమో పెట్టి 250లో 45 నిమిషాలు కాలాలి. ఆల్తమూరాలో తెరిచిన తలుపుతో మొదలుపెడతారు. ఆ పొయ్యిల ఇటుకల్లో అంత వేడి నిలవ ఉంటుంది, ఇంటి ఓవెన్‌లో ఉండదు. మనం 250లో ఆవిరితో 15 నిమిషాలు, 210లో 35 నిమిషాలు, చివరి పది నిమిషాలు 190లో తలుపు సందులో చెక్క గరిటె అడ్డం పెట్టి కాల్చాలి. ఓటీజీలో పై కాయిల్ రొట్టెకు మరీ దగ్గర. మూతున్న ఇనప గిన్నెలో పెట్టి కింది అరలో కాల్చి, 25 నిమిషాలకు మూత తీయాలి. లోపలి వేడి 96–98 డిగ్రీలు చూపించాలి. తర్వాత జాలీ మీద కనీసం నాలుగు గంటలు. ఈ రొట్టె మర్నాడే ఇంకా బాగుంటుంది.

తేడా వస్తే

రొట్టె ముద్ద కలిపిన రెండు గంటలకే జారుగా, జిగటగా మారితే తప్పు నీళ్లది కాదు, పులిసిన ముద్దది. మేతలు చాలలేదు లేదా ఆఖరి మేత వేడెక్కింది. పిండి ఇంకాస్త కలిపితే రొట్టె గట్టిగా, పుల్లగా వస్తుంది. దాన్ని అచ్చులో వేసి కాల్చుకోవడమే దారి.

అడుగున తడి పట్టీ, పైన పెద్ద బొక్క ఉంటే పొంగు చాలలేదు. లోపలంతా సన్న రంధ్రాలతో అణిగి ఉంటే పొంగు మీరింది, లేదా వేడి వేడిగా కోశారు. పెచ్చు రంగు రాకుండా పాలిపోతే ముద్ద పులిసి పులిసి చక్కెరలు అయిపోయాయని అర్థం, ఓవెన్ వేడి పెంచి లాభం లేదు. పక్కనుంచి పగిలితే ఆవిరి తక్కువ, లేదా కాల్చేముందు పైన పెట్టే కోత లోతు చాలలేదు; ఈ పిండికి ఒక సెంటీమీటరు లోతు కోయొచ్చు.

ఇదే ముద్దతో పానెత్తోనే చేయాలనుకునేవాళ్లు ముందు కనీసం రెండు నెలలు రొట్టెలు చేయడం మంచిది. ఇటలీలో 2005 జూలై 22 నాటి ఆదేశం ప్రకారం ఆ పేరుతో అమ్మాలంటే పులిసిన ముద్దతో పొంగాలి, వెన్న కొవ్వు కనీసం 16 శాతం, ఎండుద్రాక్ష, పంచదార పాకం పట్టిన నారింజజాతి తొక్కలు కలిపి 20 శాతం ఉండాలి. అంత బరువును మోసే బలం, రొట్టెకు ‘ఫర్వాలేదు’ అనిపించే ముద్దకు ఉండదు.

ప్రతి మేతకూ తీసేసే భాగాన్ని చపాతీ పిండిలో పదో వంతు కలపొచ్చు. చపాతీలు మెత్తగా వస్తాయి, కానీ కలిపిన గంటలోపే కాల్చాలి. ఊరెళ్లేటప్పుడు బాగున్న ముద్ద ఓ 50 గ్రాములు రెట్టింపు మైదాతో పొడిపొడిగా నలిపి, నీడలో ఫ్యాను కింద పూర్తిగా ఎండబెట్టి, గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో దాచండి. తిరిగి లేపడానికి ఆ పొడి 50 గ్రాములకు 25 గ్రాముల గోరువెచ్చని నీళ్లు కలిపి 28 డిగ్రీల్లో ఒక రోజు ఉంచి, తర్వాత రోజుకు రెండు మేతలు వేయాలి. వారంలోపు మళ్లీ మూడింతలు పొంగకపోతే ఆ పొడిని వదిలేసి కొత్తది మొదలుపెట్టడమే నయం.